పడుకునే పేజీ

లైబ్రరీలో పిల్లల అల్మారా దగ్గర కింద కూర్చుని ఉంటే, పక్కన వంగిన ఓ నల్లజాతి పాప జడల్లోంచి కొబ్బరినూనె వాసన గుప్పుమంది. న్యాయంగా ఆ వాసనకి మా అమ్మ గుర్తు రావాలి. మిస్ వెర్నా గుర్తొచ్చింది. మా అమ్మ నన్ను క్షమించాలి.

మిస్ వెర్నా జమైకా మనిషి, ఎప్పుడో వచ్చి ఈ లండన్‌లో స్థిరపడ్డారు. ఇది కెనడాలో లండన్. నెల్లూరులో మా చుట్టాలు ఇంగ్లండు లండన్ అనుకుని నన్ను గౌరవిస్తుంటే చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. పెద్దావిడ పేరు ముందు మిస్ చేర్చడం వాళ్ళ మర్యాద, మన గారు లాంటిది. ఆస్పత్రిలో సాయంత్రం షిఫ్టు చేసే తల్లుల పిల్లల్ని ఆవిడ తన ఇంట్లోనే చూసుకునేవారు. తొమ్మిదో క్లాసులో చదువుకి దణ్ణం పెట్టేసిన నాకు ఈ దేశంలో మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. పిల్లలకి తిండి పెట్టాలి, పళ్ళు తోమించాలి, కథ చదివి పడుకోబెట్టాలి. మొదటి రెండూ భేషుగ్గా చేసేదాన్ని. కథ దగ్గరికొచ్చేసరికి నా ఇంగ్లీషు హవాయి చెప్పులతో మంచు మీద నడిచినట్టు నడిచేది.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో జోయీకి నాలుగేళ్ళు. వాళ్ళమ్మ గ్రేస్‌ది ఘానా. ఒకరోజు గ్రేస్ సంచీ నిండా పుస్తకాలు తెచ్చింది. "మావాళ్ళ చరిత్ర దీనికి తెలియాలి. పడుకునేముందు ఇవే చదవండి" అంది. అట్టల మీద నల్లటి ముఖాలు చూసి నేనూ సంబరపడ్డాను. మా అల్మారాలో అప్పటిదాకా ఎలుగుబంట్లు, కుందేళ్ళు, బంగారు జుట్టు పిల్లలే. చదవడం మొదలుపెట్టాక చూస్తే బానిసల ఓడలు, సంకెళ్ళు, తల్లి చేతుల్లోంచి లాక్కున్న పిల్లలు. పైగా నాది కూడబలుక్కునే చదువాయె, ఒక్కో సంకెలా ఎంతసేపో. జోయీ కదలకుండా వింది. లైటు ఆర్పాక అడిగింది: "రాణీ ఆంటీ, పనిలో మా మమ్మీని కూడా అమ్మేస్తారా?"

అది మొదలు పిల్లకి నిద్ర లేదు. బూట్లు విప్పనివ్వకుండా, వాళ్ళమ్మ కారు కోసం కిటికీ దగ్గరే కూర్చునేది. గ్రేస్ కళ్ళ కింద చారలు పడ్డాయి. "ఇలాగే ఉంటే షిఫ్టు మానుకోవాల్సిందే" అంది. కారణం ఆమెకి చెప్పే ధైర్యం నాకు లేదు. తెచ్చింది ఆమే కదా.

"ఆ పుస్తకాలు దాచేద్దాం, మిస్ వెర్నా."

"దాచి ఏమిస్తావు? మళ్ళీ ఎలుగుబంటినా?" ఆవిడ జోయీ తలకి నూనె రాస్తూనే అన్నారు. "అవి మంచి పుస్తకాలే, పగటి పుస్తకాలు. పడుకునేముందు ఎలుగుబంటి పిల్లకి కూడా తేనె దొరుకుతుందే, మా పిల్లలకి మాత్రం సంకెళ్ళా? లైబ్రరీకెళ్ళి వేరేవి తీసుకురా."

"నేనా? నేనో పుస్తకం చదివేలోపు జోయీ పెళ్ళీడుకొస్తుంది."

"చదవమన్నదెవరు? చూడు. జోయీ మాత్రం చదువుతుందా? పిల్ల పడుకునే పేజీ ముందు తియ్యి. పాప తల మీద ఏముందో చూడు." అని జోయీ తలకి నున్నటి శాటిన్ టోపీ తొడిగారు. జడలు నలగకుండా వాళ్ళ ఇళ్ళలో పడుకునేముందు రోజూ తొడిగేదే. "టోపీ లేకుండా జుట్టు దిండు మీద పరిచి పడుకోబెట్టారా, పక్కన పెట్టెయ్. తెల్లపిల్ల ముఖానికి రంగు పూశారంతే. రాత్రిపూట మా ఇళ్ళలోకి ఆ బొమ్మలేసినవాళ్ళెప్పుడూ తొంగిచూడలేదు."

ఆ మర్నాడు లైబ్రరీలో ఒక్కో పుస్తకం పడుకునే పేజీ దగ్గరే తెరిచాను. ఒకదాంట్లో పాప జుట్టు దిండంతా పరుచుకుంది. ఇంకోదాంట్లో నల్లపిల్లాడు వేరేవాళ్ళ కథలో చప్పట్లు కొట్టడానికే వచ్చాడు. చివరికొకటి దొరికింది. ఊదారంగు టోపీ పెట్టుకున్న పాప ఒంటి మేజోడు కోసం వెతుకుతుంది, తాత గురక పెడుతుంటాడు. అంతే, ఇంకేమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే కదా నేనొచ్చింది!

సాయంత్రం గుమ్మంలో మిస్ వెర్నా సంచీ తిరిగిచ్చి, జోయీ అడిగిన ప్రశ్న చెప్పారు. గ్రేస్ ముఖం బిగుసుకుంది. "నా కూతురికి చరిత్ర వద్దంటారా?"

"కావాలమ్మా. నీ ఒళ్ళో, నీ నోటితో. నువ్వు పక్కనుంటే ఆ సంకెళ్ళు పుస్తకంలోనే ఉంటాయి. నువ్వు లేకపోతే గదిలోకి వస్తాయి."

పిల్లని తీసుకుని వెళ్ళిపోతుందనే అనుకున్నాను. గ్రేస్ సంచీ భుజాన వేసుకుని, జోయీని ముద్దుపెట్టుకుని, పనికి వెళ్ళింది.

ఆ రాత్రి జోయీ బొమ్మలోని టోపీ మీద వేలు పెట్టి, తన టోపీ తడుముకుంది. "తాత ఎందుకలా గురక పెడుతున్నాడు?" అంది. అన్ని రోజుల్లో వాళ్ళమ్మ గురించి కాని ప్రశ్న అదే మొదటిది. బూట్లు తనే విప్పుకుంది.

మిస్ వెర్నా ఇప్పుడు లేరు. సాయంత్రం పిల్లల్ని మా ఇంట్లో నేను చూసుకుంటున్నాను. ఇంగ్లీషు కాస్త తేలికపడింది, భయం మాత్రం తగ్గలేదు. లైటు ఆర్పేది మనం, ఆ బొమ్మలతో మిగిలిపోయేది పిల్లలు. అందుకే కొత్త తల్లి ఎవరొచ్చినా ముందు అడుగుతాను, "మీ ఇంట్లో పిల్లాడు ఎలా పడుకుంటాడు?" అని. కొందరు పోలీసుని చూసినట్టు చూస్తారు. నిన్న చేరిన పిల్లాడి తల్లి సోమాలియా ఆవిడ. ఆమె మాత్రం చెప్పింది: పిల్లాడి నాన్న లారీ నడుపుతాడట, ఎక్కడున్నా ఫోన్ చేస్తాడట, దిండు పక్కన ఆ ఫోన్ మాట్లాడుతుంటేనే వీడు కళ్ళు మూస్తాడట.

దిండు పక్కన ఫోన్ ఉన్న పడుకునే పేజీ కోసం పొద్దుటి నుంచి వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు. లైబ్రరీ మూసే వేళవుతోంది, పిల్లాడు వచ్చే వేళ కూడా.