పిలవకుండా కూర్చున్న రోజు

యర్రగొండపాలెం బస్సులో నా పక్కన ఒక చెంచు అవ్వ కూర్చుంది. చెంచుగూడెంలో నర్సుగా చేరిన కొత్త రోజులవి. అలసటంతా ఆమె ముందు వెళ్లబోసుకున్నా.

"ఏ గుడిసె ముందు నిలబడి పిలిచినా ఒక్కరూ బయటికి రారవ్వా. తిరిగి తిరిగి కాళ్లు పడిపోతున్నాయి."

అవ్వ నా మందుల సంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"అట్ల నిలబడి పిలిచేది ఫారెస్టోళ్లు గదమ్మా. మావోళ్లయితే ఊరికే వచ్చి కూచుంటారు."

నాకు నిద్రపట్టింది. లేచేసరికి అవ్వ దిగిపోయింది, సంచి నా ఒళ్లో ఉంది.

మర్నాడు ఒక గుడిసె ముందు చతికిలబడ్డా. నిజానికి పిలిచే ఓపిక కూడా లేదు. చాలాసేపటికి ఒక తల్లి బయటికొచ్చి, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను నా ఒళ్లో పడుకోబెట్టింది.