దొప్ప కింద బియ్యం గింజలు

పోయిన నెల సంత చేసుకుని తిరిగి వస్తుంటే గెడ్డ మలుపు దగ్గర, అదే కొండవాగు వంపు తిరిగే చోట, మా ఆటో ఆగిపోయింది. సిమెంటు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది, దాని వెనక రెండు నిలువుల ఎత్తు బోర్డు ఒకటి కొత్తగా పాతి ఉంది. నేను చదువు నేర్చుకున్నది నలభై దాటాక కాబట్టి ఇప్పటికీ ఎక్కడ బోర్డు కనిపించినా చదవకుండా ఉండలేను, ఏరు దాటేటప్పుడు రాయి రాయికీ ఆగినట్టు ఒక్కో అక్షరం దగ్గరా ఆగి చివరిదాకా వెళ్తాను. ఎంత పెద్ద తుఫానునైనా తట్టుకునే కాటేజీలు ఇక్కడ కడుతున్నారట, ఈ స్థలాన్ని స్థానిక గిరిజనుల ఆచారం ప్రకారం నేలను పరీక్షించి ఎంచుకున్నారట. పక్కనే వలిసె పూల మధ్య నవ్వుతూ నిలబడ్డ జంట ఫోటో. ఆటోలో వాళ్ళంతా లారీ తీయమని కేకలు వేస్తున్నారు గానీ నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంచుమించు ఇవే మాటలు, ఇదే గెడ్డ పక్కన, పాతికేళ్ళ కిందట ఒక కాగితం మీద రాసి మా చేత వేలిముద్రలు వేయించుకున్నారు. అప్పుడు నాకు చదవడం రాదు. ఇప్పుడు వచ్చు గనక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

హుకుంపేట, పెదబయలు వైపు కొండల్లో పుట్టి పెరిగిన నా వయసు వాళ్ళకి మన పాత ఇళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఇళ్ళు, అన్నిటి మీదా కలిపి ఒకే పొడుగాటి గడ్డి కప్పు, ఆ చూరు మోకాళ్ళ దాకా దిగి ఉండేది కాబట్టి ఎంతటి మనిషైనా నడుం వంచే లోపలికి రావాలి. కింద నుంచి వచ్చిన ఉద్యోగస్తులు ఇవేం చీకటి కొట్టాలని ముఖం చిట్లించేవారే గానీ, చూరు అంత కిందికి ఎందుకు దించారని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. గాలికి కప్పు కింద వేలు దూర్చే సందు కూడా ఇవ్వకూడదని దించారు. ఊరు కట్టిన చోటూ అంతే, వాలు మీద రాతి నేల, వాన నీళ్ళు దిగే రెండు దారుల మధ్య ఉన్న మెరక. మా మామ తాతల నాటి నుంచి ఎన్నో తుఫాన్లు వచ్చి పోయాయి, ఊరు మాత్రం అక్కడే ఉంది.

అయితే నిజం చెప్పాలి కదా, ఆ ఇల్లంటే నాకేం మోజు లేదు. ఏటా చలికాలం చివర్లో కొండ మీదికి పోయి కప్పుకి గడ్డి కోయడం కోడళ్ళ పని, ఆ గడ్డి అంచులు అరచేతుల్ని ఎంత సన్నగా కోసేవంటే కోసినట్టు తెలిసేది కాదు, ఇంటికొచ్చి చింతపండు పిసికినప్పుడు ప్రాణం పోయేది. అలాంటి రోజుల్లో మా పెద్దపిల్లకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడ నర్సమ్మ ఉండే క్వార్టరు చూశాను. నున్నటి నేల, పైన స్లాబు, నిటారుగా నిలబడి లోపలికి నడిచి వెళ్ళే తలుపు. ఆ రోజు నుంచి నా కళ్ళకి మా ఇల్లు ఆననే లేదు.

తొంభైలు సగం దాటాక వచ్చిన ఒక తుఫానులో పక్క ఊరి పైన కొండ కొంత జారింది. మా ఊళ్ళో రెండు గోడలు పడ్డాయి, అంతే. వెంటనే జీపులొచ్చాయి. కొండ మీద మీకు క్షేమం కాదు, కింద కాలనీ కట్టిస్తాం, తుఫానుకి కదలని స్లాబు ఇళ్ళు ఇస్తాం అన్నారు. చూపించిన చోటు గెడ్డ మలుపులో పల్లపు నేల. అక్కడే ఎందుకని మా ఆయన అడిగితే, లారీ అక్కడి దాకానే వస్తుంది అని చెప్పారు. సిమెంటు కొండెక్కలేదు కాబట్టి మనుషులు దిగాలన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది గానీ ఆ వేళ స్లాబు అన్న మాట తప్ప నా చెవికి ఇంకేమీ వినపడలేదు.

మనలో ఇల్లు కట్టే ముందు నేలను అడిగే ఆచారం మీకు గుర్తుండే ఉంటుంది. చదును చేసిన చోట జతలు జతలుగా బియ్యం గింజలు పేర్చి, పైన అడ్డాకు దొప్ప బోర్లించి, మర్నాడు పొద్దున్నే ఊరంతా వచ్చి తీసి చూస్తారు. గింజలు కదలకుండా పొడిగా ఉంటే అక్కడ ఇల్లు, తడిసి ఉబ్బినా చీమలు ఈడ్చుకుపోయినా ఇంకో చోటు. మా ఊళ్ళో ఆ పని మా అత్తది. దంపుడు బియ్యం కొంగున కట్టుకుని గెడ్డ మలుపుకి దిగి, మూడు చోట్ల పేర్చి, మూడు దొప్పలు బోర్లించింది. పని చూడ్డానికి వచ్చి రోడ్డు పక్కనే గుడారం వేసుకున్న ఇంజనీరు, ఇంకా ఈ కాలంలో ఇవేంటమ్మా అని నవ్వాడు. మా అత్త తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"నేల నీళ్ళు తాగతాదో నేదో గింజే సెప్తాది బాబూ. నీకూ నాకూ ఏటి తెలుస్తాది?"

మర్నాడు తెల్లవారుతుండగానే, నీళ్ళకని చెప్పి బిందె పట్టుకుని అందరికంటే ముందు నేను అక్కడికి దిగాను. ఎందుకు దిగానో నాకే సరిగ్గా తెలియదు. దొప్ప ఎత్తి చూస్తే గింజలు నానబెట్టినట్టు ఉబ్బి ఉన్నాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నా స్లాబు ఇల్లు నా కళ్ళ ముందే కరిగిపోతున్నట్టు అనిపించింది. ఇంజనీరు గుడారం ముందు పళ్ళు తోముకుంటూ నన్ను చూస్తున్నాడు. దగ్గరికొచ్చి దొప్పల్లోకి తొంగి చూసి, లోపలికి పోయి, వంటవాడి బస్తాలోంచి గుప్పెడు డిపో బియ్యం, రేషన్‌లో ఇచ్చే తెల్లటి మర బియ్యం, తెచ్చి నా చేతిలో పోశాడు.

"బేగి కానీమ్మా, మీ ముసలామె దిగుతోంది" అన్నాడు.

మార్చేశాను. బియ్యం ఇచ్చినవాడు ఆయనే కావచ్చు, మార్చిన చేతులు నావి. ఊరంతా వచ్చింది. మా అత్త దొప్పలు ఎత్తి, గింజల్ని చాలాసేపు చూసింది. తర్వాత అందరి ముఖాల్లోకీ చూసింది, నా ముఖంలోకీ చూసింది. బాగుందని గానీ బాగులేదని గానీ అనకుండా లేచి, కోక దులుపుకుని కొండెక్కి వెళ్ళిపోయింది. పొడి గింజలు చూసినవాళ్ళంతా సంబరపడ్డారు. "మీ దేవుడికి కూడా స్లాబే నచ్చిందమ్మా" అని ఇంజనీరు పెద్దగా నవ్వాడు, ఆ మధ్యాహ్నమే కాగితం తెచ్చి వేలిముద్రలు వేయించుకున్నాడు. అందరికంటే ముందు బొటనవేలికి సిరా పూయించుకున్నది నేనే.

కాలనీకి మేమంతా దిగాం, మా అత్త దిగలేదు. పొగ లేని ఇల్లు నాకు అలవాటు లేదని ఏదో వంక చెప్పి పైనే ఉండిపోయింది. నేను లోలోపల భయపడుతూనే రెండేళ్ళు నున్నటి నేల తుడుచుకుని మురిసిపోయాను. మూడో ఏడు, వానలు వెనక్కి తగ్గాల్సిన రోజుల్లో తుఫాను పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేదు, నాలుగో రోజు పొద్దున్న అంబలి కాస్తుంటే గెడ్డ మా వీధి గుమ్మంలోంచి వచ్చి పెరటి గుమ్మంలోంచి పోయింది. పోతూ పోతూ పొయ్యినీ, చోళ్ళ గాదెనీ, కట్టేసిన మేకల్నీ తీసుకుపోయింది. స్లాబు ఎగరలేదు, ఆ మాట నిజమే. గోడ కిందున్న మట్టే పోయింది, తర్వాత గోడ పోయింది, స్లాబు వచ్చి నేల మీద కూర్చుంది. పిల్లల్ని చంకనేసుకుని అందరం కొండ మీదికి పరిగెత్తాం. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పైన పొగ లేస్తున్న ఇల్లు ఒక్కటే ఉంది.

నలభై మందిమి ఆ ఒక్క ఇంట్లో ఎలా పట్టామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చూరు అంత కిందికి ఉండబట్టి బయట గాలి కప్పు మీంచి జారిపోతున్న చప్పుడే తప్ప లోపల దీపం కూడా రెపరెపలాడలేదు. నేను గుమ్మంలోనే నీళ్ళు కారుతూ నిలబడిపోతే మా అత్త కేకేసింది.

"ఏటలాగ నిలబడిపోనావే? బేగి లోపలికొచ్చి తడికెయ్. గుంటలికి ముందు అంబలి పోయండి, మగోళ్ళు తరవాత తాగుతారు."

అంబలి పోస్తూ పోస్తూ నేను ఆపుకోలేక ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని గింజలు మార్చిన సంగతి చెప్పి ఏడ్చాను. ఆవిడ గరిటె ఆపలేదు.

"దంపుడు బియ్యానికీ డిపో బియ్యానికీ తేడా తెలీదేటే నాకు? మల్లిమొగ్గల్నాగ మెరిసిపోతన్నాయి కదే గుంటా."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదత్తా అని అడిగాను.

"సెప్తే ఏటయ్యీది? అందరి మొకాలూ సూసినాను. అందరికీ ఆ ఇల్లే కావాల. ఒద్దన్నానంటే సచ్చీదాకా నన్ను తిట్టుకుందురు. అందికే ఈ పొయ్యి ఆరిపోకుండా సూసుకున్నాను."

గాలి తగ్గాక జీపులు మళ్ళీ వచ్చాయి. ఇంజనీరు కొత్తవాడు, కాగితం పాతదే. మీరే అడిగి కట్టించుకున్నారు కదా, గెడ్డ వచ్చిందని మా మీద పడితే ఎలా అన్నాడు. పైన పాత ఇళ్ళ గోడలు నిలబెట్టుకోడానికి సాయం అడిగితే, రికార్డులో మీరు పక్కా ఇళ్ళలో ఉన్నారు, కొండ మీద ఎవరూ లేరు అన్నాడు. ఆయన ఆ మాట అంటున్నది కొండ మీద మా అత్త అరుగు మీద కూర్చుని, మా అత్త ఇచ్చిన కాఫీ తాగుతూ. అజ్ఞానం వల్ల ఇళ్ళు వదిలేశారని కూడా ఎక్కడో రాసుకున్నారని తర్వాత తెలిసింది. ముక్కలైన గోడల మధ్య ఏ ఇంట్లో ఉండమన్నారో మాత్రం రాయలేదు.

ఆ కాగితంలో ఏముందో చూడాలన్న కసితోనే నేను చదువుకి కూర్చున్నాను. బడి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పడానికి నా కూతురి ఈడు పిల్ల వచ్చేది. గడ్డి కోతకి గట్టిపడ్డ వేళ్ళు బలపం పట్టుకోలేక ఎన్ని విరిచాయో. రెండేళ్ళు పట్టింది. వచ్చీరాని రోజుల్లోనే జీపుల వాళ్ళు మా మొహాన పడేసిపోయిన ఆ కాగితం జిరాక్సుని ట్రంకు పెట్టెలోంచి తీసి, వేలు పెట్టుకుని రెండు రోజులు కూర్చుని చదివాను. గ్రామస్తులు తమ ఆచారము ప్రకారము నేలను పరీక్షించుకొని, ఈ స్థలమే కావలెనని ఇష్టపూర్వకముగా కోరినందున అని ఉంది. కింద మొదటి వేలిముద్ర నాది. మా ఆచారాన్ని చూసి నవ్వినవాడే, తడి గింజలు కళ్ళారా చూసినవాడే, తన చేత్తో ఇచ్చిన బియ్యాన్ని మా సాక్ష్యమని రాసుకున్నాడు. మోసపోవడం ఒక ఎత్తు, ఆ మోసానికి మా దేవుడి చేత కూడా వేలిముద్ర వేయించడం ఇంకో ఎత్తు. నా తప్పు నేను మా అత్త కాళ్ళ దగ్గర ఒప్పుకున్నాను. ఆయన ఎవరి దగ్గర ఒప్పుకున్నాడు?

మా అత్త పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ తర్వాత మా ఊళ్ళో గింజలు పేర్చినవాళ్ళు లేరు. మరి బోర్డు మీద ఆచారం ప్రకారం పరీక్షించింది ఎవరు? పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి అడిగితే పాత ఫైల్లో ఉందమ్మా అన్నారు. అంటే నేను మార్చిన ఆ గుప్పెడు డిపో బియ్యమే ఇన్నేళ్ళకి బోర్డెక్కింది. ఆ నేల మీద గింజలు తడిశాయి, మార్చింది నేను అని నా చేతి రాతతో అర్జీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ముద్ర వేసి తీసుకున్నారు. అంతకంటే ఇప్పటిదాకా ఏమీ జరగలేదు.

అన్నీ చెడ్డరోజులే వచ్చాయని నేననను. తుఫాను వస్తోందని ఇప్పుడు మూడు రోజుల ముందే ఫోను చెప్తోంది, పురుడు కష్టమైతే అంబులెన్సు ఊరి కిందికి వస్తోంది, మా పిల్లలెవరూ గడ్డి కోసి చేతులు కోసుకోవడం లేదు. కానీ పోయిన వారం ఒక దొప్ప నిండా దంపుడు బియ్యం కావాలని ఊరంతా తిరిగితే ఎవరింట్లోనూ లేవు. దంచుకుందామంటే రోళ్ళు లేవు, మా రోళ్ళన్నీ రోడ్డు వెంట ఇంతకుముందే వెలిసిన కాటేజీల వాళ్ళు కొనుక్కుపోయి గేటు ముందు వాటిలో పూలమొక్కలు పెట్టారు. చివరికి డిపో బియ్యమే పట్టుకెళ్ళి, బోర్డు వెనక మూడు చోట్ల పేర్చి దొప్పలు బోర్లించాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఎత్తి చూస్తే మూడు చోట్లా ఉబ్బి ఉన్నాయి. అలాగే తెరిచిపెట్టి, పక్కన రాయి మీద ఎండెక్కేదాకా కూర్చున్నాను. లారీలు వచ్చాయి, పనివాళ్ళు వచ్చారు, కాపలావాడు వచ్చి ఎవరో తిని పారేసిన అన్నమనుకుని కాలితో పక్కకి నెట్టి పోయాడు. ఆ రోజుల్లో ఆ గింజల్ని మార్చడానికైనా ఒకడు గుడారంలోంచి లేచి వచ్చాడు. ఇప్పుడు మార్చడానికీ ఎవరూ రాలేదు.