పగుళ్ళత్త

ఇంట్లోకి ఏ వస్తువు కొత్తగా వచ్చినా దాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో కాసేపు చూసి, "ఇది పగుల్తుంది" అని తేల్చెయ్యడం బుజ్జమ్మ మేనత్తకి అలవాటు. గాజుగ్లాసుని అలా చూసిందంటే అర్థముంది. స్టీలు బకెట్టునీ చూసింది. దిండునీ చూసింది. ఓసారి పక్కింటావిడ కూతురికి సంబంధం కుదిరిందని మురిసిపోతూ కాబోయే అల్లుడి ఫోటో చేతికిస్తే, అత్త అలవాటుకొద్దీ దాంతో కిటికీ వైపు నడిచింది. బుజ్జమ్మ అడ్డం పడి ఫోటో లాక్కోకపోతే ఆ రెండిళ్ళ మధ్య మాటలు ఆ పూటతో సరి.

ఆవిడ పనిచేసింది గాజుసామాన్ల ఫ్యాక్టరీలో. కొలిమి దగ్గర కాదు, అన్నిటికన్నా చివరి గదిలో, పెద్ద దీపం ముందు. సీసాలూ గ్లాసులూ వరసగా చేతికొస్తుంటే దీపానికెదురుగా తిప్పి చూసి, వెంట్రుకంత చీలిక కనపడినా పక్కన పెట్టెయ్యడం ఆవిడ ఉద్యోగం. రిటైరైన రోజున ఫ్యాక్టరీవాళ్ళు గోడగడియారం బహూకరిస్తే, స్టేజీ మీదే దాన్ని దీపం వైపు తిప్పి, చూసి, పెదవి విరిచిందట. మేనేజరు నొచ్చుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో బస్సులో ఎవరో లావుపాటి మనిషి ఆ గడియారం మీద కూర్చున్నాడు.

వీధిలో ఆవిడ పేరు పగుళ్ళత్త. కొత్తగా అద్దెకొచ్చిన ఓ టీచరు ఆ పేరు విని మడమలకి మందిస్తారు కాబోలనుకుని, గుమ్మంలో చెప్పు విప్పి పాదం చూపించింది. అత్త శ్రద్ధగానే చూసింది. ఇది ఎప్పుడో పగిలిపోయింది, ఇప్పుడు నా దగ్గరకొచ్చి ఏం లాభమని పంపించేసింది.

ఆ ఏడు వేసవిలో బుజ్జమ్మ భర్త పోయాడు. పెరట్లో పిల్లలతో ఆడుతూ ఉన్నపళంగా కూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండె చాలాకాలం నుంచి పాడై ఉంటుందని, ఆయనకే తెలిసుండదని డాక్టరు చెప్పాడు. మర్నాడు అత్త ట్రంకుపెట్టెతో దిగింది. కొన్నాళ్ళుండి వెళ్తాననీ అనలేదు, ఉండిపోతాననీ అనలేదు. పెట్టె మంచం కిందికి తోసి, వంటింట్లోకి వెళ్ళి పాలు కాచింది.

బుజ్జమ్మ కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పనిచేసేది. ఎర్రమైనంలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, అవి ఎదురు వరసతో సరిగ్గా కలుస్తున్నాయో లేదో సరిచూసుకోవడం ఆమె పని. క్రిస్మస్ దగ్గర పడితే అక్కడ ఊపిరాడదు. ఏడాదంతా చిగుళ్ళతో నెట్టుకొచ్చిన వాళ్ళందరికీ పండగ ఫోటోలో నవ్వాలని బుద్ధి పుడుతుంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నవ్వులు తయారుచేసి ఇంటికొచ్చేసరికి బుజ్జమ్మ మొహంలో నవ్వన్నది ఉండేది కాదు. ఈ ఏడు చెట్టూ లేదు, దీపాలూ లేవు, ఏమీ లేవని మనసులో గట్టిగా అనుకుంది. చెట్టు నిలబెట్టేది ఆయన. దీపాల తీగ చిక్కులు విడదీస్తూ తిట్టుకునేది ఆయన. ఆ తిట్లు లేకుండా దీపాలెందుకనుకుంది.

చిన్నాడు చెట్టెప్పుడని రోజూ అడిగేవాడు. దానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పెద్దది ఏమీ అడగలేదు. పైగా ఓ సాయంత్రం తల్లి పక్కన కూర్చుని, "ఈసారికి వద్దులేమ్మా, నీకు పనెక్కువ కదా" అంది. ఏడేళ్ళ పిల్ల అంత బుద్ధిగా మాట్లాడితే బుజ్జమ్మ తట్టుకోలేకపోయింది. అప్పటికప్పుడు స్టూలెక్కి అటక మీంచి అట్టపెట్టెలు దించింది.

మడతచెట్టుని అత్త యథాప్రకారం కిటికీ దగ్గరకి తీసుకెళ్ళింది. తీర్పు వచ్చింది. ప్లాస్టిక్‌ది, వంగుతుంది తప్ప పగలదని బుజ్జమ్మ వాదిస్తూనే కాళ్ళు విప్పదీసింది. ఒక కాలు టప్పున విరిగి చేతికొచ్చింది. అత్త సంతోషించలేదు, ఆశ్చర్యపోనూ లేదు. వెళ్ళి బకెట్టు నిండా ఇసక తెచ్చి చెట్టుని అందులో పాతింది. ఆ వారమంతా అలాగే గడిచింది. దీపాల తీగ పగుల్తుందంది, సగం బల్బులు వెలగలేదు. కేకు పగుల్తుందంది, కేకు పొయ్యి దిగేసరికి నడిమధ్యన బీటలు వారింది. అత్త ఆ బీటలో పంచదారపాకం పోసి, అటూ ఇటూ అద్ది, మూత పెట్టింది.

చివరికి బుజ్జమ్మకి విసుగొచ్చింది. "అత్తా, పిల్లల ముందు ఆ మాట అనకు. ఈ ఇంట్లో పగిలింది చాలు."

అత్త సరేనంది. ఒక పూట ఓర్చుకుంది. పెద్దది బళ్ళో అట్టతో చేసిన దేవదూతని తెచ్చిస్తే కిటికీ దాకా వెళ్ళింది, చూసింది, నోరు తెరిచింది, పైటకొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వెనకాలే చిన్నాడు వెళ్ళాడు. పగుల్తుందా, పగలదా అని వాడికి తెలియాలి. చెప్పకపోతే అన్నం తిననని కూర్చున్నాడు. పిల్లలకి అత్త అమ్మమ్మ వరస. అమ్మమ్మ చెప్పనిదే దేవదూతని చెట్టుకి తగిలించనని పెద్దది కూడా మొండికేసింది. చీకటి పడేలోపు బుజ్జమ్మే దిగొచ్చి, చెప్పెయ్యి అత్తా అని బతిమాలుకోవలసి వచ్చింది. "పగుల్తుంది" అంది అత్త. ఇద్దరూ నిశ్చింతగా అన్నానికి లేచారు. ఆ మాటలో వీళ్ళకి ఏం హాయి కనపడిందో బుజ్జమ్మకి అంతుపట్టలేదు.

దించిన పెట్టెల్లో ఒక్క చిన్న పెట్టె మాత్రం ఆమె విప్పలేదు. అందులో ఓ నీలం గాజుపిట్ట ఉంది. పెళ్ళైన మొదటి క్రిస్మస్‌కి భర్త కొన్నది. ఏటా ఆయనే తన చేత్తో పైకొమ్మకి తగిలించేవాడు. పిల్లల్ని కింద నిలబడి చూడనిచ్చేవాడు గాని ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాన్ని తను తగిలించగలదో లేదో తేల్చుకోలేక, పెట్టెని బీరువా మీద పెట్టి పనికి వెళ్ళింది బుజ్జమ్మ.

పండగ ముందురోజు మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని వచ్చేసరికి ఆ పెట్టె నేల మీద తెరిచి ఉంది. చుట్టూ నీలంరంగు ముక్కలు. పెద్దది గోడకి అతుక్కుపోయి నిలబడింది. చిన్నాడు కనపడలేదు. కర్టెను కింద వాడి పాదాలు కనపడ్డాయి. అత్త నేల మీద గొంతుక్కూర్చుని ముక్కలు కాగితంలోకి ఏరుతోంది. ఆవిడ తలెత్తకుండానే, అది ఎప్పుడో చీలింది, నేను చూశాను అంది.

బుజ్జమ్మ ఇన్నాళ్ళూ నోట్లో అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా అత్త మీద కురిసింది. ఇరవైనాలుగ్గంటలూ పగుల్తుంది పగుల్తుందని కూర్చుంటే ఏ వస్తువు నిలుస్తుందని అడిగింది. ఈ ఇంట్లో ఆయన వస్తువొక్కటి మిగిలిందని నీకు తెలుసు కదా అంది. అక్కడితో ఆగినా బాగుండేది.

"నా పెళ్ళిలో ఆయన్ని కూడా ఇలాగే చూసి అన్నావా అత్తా?"

అత్త చెయ్యి ఆగింది. కాగితం మడిచి, మెల్లగా లేచి, కర్టెను దగ్గరకి నడిచింది. దాని వెనకనుంచి వెక్కిళ్ళు వినపడుతున్నాయి.

"నేనే పగలగొట్టాను," అన్నాడు చిన్నాడు లోపలినుంచి. "నాన్నని కూడా నేనే."



ఆ రోజు పెరట్లో వాడు నాన్న భుజాలెక్కాడు. ఆ సంగతి బుజ్జమ్మకి తెలుసు. వాణ్ణి కిందికి దించి రెండడుగులు వేశాక ఆయన పడిపోయాడని కూడా తెలుసు. కాని ఆ రెండూ కలిపి వాడు ఇన్నాళ్ళూ ఏం మోస్తున్నాడో తెలియలేదు. వేసవినుంచీ వాడు ఎవరినీ ఎత్తుకోమని అడగలేదు. ఎత్తుకోబోతే జారి దిగిపోయేవాడు. పెద్దవాడవుతున్నాడనుకుంది.

అత్త కర్టెను తీయలేదు. దాని పక్కనే నేల మీద కూర్చుంది.

"నా కన్ను ఎలాంటిదిరా?" అని అడిగింది.

"పగుళ్ళు చూసే కన్ను."

"ఎప్పుడైనా తప్పిందా?"

వాడు ఆలోచించాడు. చెట్టు కాలు, బల్బులు, కేకు. "లేదు."

"అయితే విను. మీ నాన్న గుండె నువ్వెక్కాక పగల్లేదు. అంతకు చాలా ముందే చీలింది. నేను వచ్చినప్పుడు చూశాను. నువ్వెక్కినా పడేవాడు, ఎక్కకపోయినా పడేవాడు. ముందే చీలిన వస్తువు ఎవరి చేతిలో పగిలినా ఆ చేతిది తప్పు కాదు. ఫ్యాక్టరీలో నా బల్ల దగ్గర అదే లెక్క."

వెక్కిళ్ళు తగ్గాయి. తర్వాత కర్టెను కిందనుంచి ఓ చెయ్యి వచ్చి అత్త చీర పట్టుకుంది.

ఫ్యాక్టరీలో ట్రేలు మోసే పిల్లల చేతిలో ఏదైనా పగిలితే సూపర్‌వైజరు తిట్టేలోపే అత్త అడ్డుపడి, ఇది ముందే చీలిందండీ, నేనే చెప్పాను అనేదట. ఆ మాట నిలవాలంటే ముందుగా అనుండాలి. అందుకని అన్నిటినీ అనడం మొదలుపెట్టింది. ఏది పగులుతుందో ఎవరికి తెలుస్తుంది, అన్నిటినీ అనేస్తే సరి అని అత్త ఆ తర్వాత పాత్రలు తోముతూ మామూలుగా చెప్పింది. బుజ్జమ్మ పక్కన నిలబడి తుడుస్తోంది. భర్త పోవడానికి ముందు ఏడాదంతా అత్త ఆ ఇంటి గడప తొక్కలేదని ఆమెకి బాగా గుర్తుంది. ఆ సంగతి ఎత్తలేదు. అన్న మాటకి క్షమించమంది. "తడిగుడ్డతో తుడిస్తే ఆరతాయా" అని కసిరింది అత్త, అంతే.

సాయంత్రం చెట్టు ముందు అందరూ నిలబడ్డారు. పిట్ట లేని పైకొమ్మ బోసిగా ఉంది. దానికి దేవదూతని కడదామంది పెద్దది. అంత ఎత్తు ఎవరికీ అందదు. స్టూలు తెస్తానని అత్త కదిలింది. బుజ్జమ్మ వద్దంది. చిన్నాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, భుజాలు వంచింది.

వాడు వెనక్కి తగ్గాడు. అమ్మమ్మ వైపు చూశాడు. అత్త బుజ్జమ్మని కిటికీ వెలుతురులోకి తిప్పింది. మెడ చూసింది, భుజాలు తట్టింది, వీపు తట్టింది. ఎంతసేపు చూసిందంటే, మోకాళ్ళు నొప్పెడుతున్నాయని బుజ్జమ్మ గొణిగింది.

"ఎక్కరా," అంది అత్త.

వాడు ఒక కాలు వేశాడు. ఆగి, రెండోది వేశాడు. బుజ్జమ్మ గోడ పట్టుకుని లేచింది. దేవదూత వంకరగా కూర్చుంది. వంకరని పెద్దది చెప్పింది, సరిచేస్తానని వాడన్నాడు, మరింత వంకర చేశాడు. ఇక దిగమంటే దిగనన్నాడు. ఏడు నెలల దిగులు తీర్చుకుంటున్నట్టు తల్లి జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకుని కూర్చున్నాడు. కట్టుడుపళ్ళు పట్టడం లేదని ఓ ముసలాయన పండగపూట తలుపు కొడితే, బుజ్జమ్మ వాణ్ణి మోస్తూనే ఆయన నోరు తెరిపించి చూసింది. కింద చూడాలో పైన చూడాలో తెలియక ఆ పెద్దాయన మెడ నొప్పెట్టించుకున్నాడు. అందరూ కేకు తిన్నారు. చిన్నాడు తన ముక్క పైనే తిన్నాడు, పొడంతా తల్లి తల మీద రాలుస్తూ.