మచ్చలక్క తీసిన పిల్లలకోడి

ఫోటో స్టూడియోలో ఆమెను అందరూ మచ్చలక్క అంటారు. మొహాన మచ్చలుండి కాదు సుమా! వచ్చినవాళ్ళ ఫోటోల్లో మొటిమలూ మచ్చలూ కంప్యూటర్లో తుడిచిపెట్టే పని ఆమెది. ఊళ్ళో సగంమంది నున్నటి బుగ్గలు ఆమె చలవే. ఇన్నేళ్ళలో ఎన్ని మొహాలు దిద్దిందో గానీ, తన చేత్తో ఒక్క ఫోటో తీసింది లేదు. తీసేది యజమాని, దిద్దేది ఈమె. ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

యజమానిని ఆమె బాబాయ్ అంటుంది. ఆయన కొత్త కెమెరా కొంటూ, పాతదాన్ని మార్పిడికి ఇచ్చేస్తానన్నాడు. ఆమె చేతిలో పని వదిలేసి లేచింది.

"బాబాయ్, అది నాకివ్వండి. చుక్కల ఫోటోలు తీస్తాను."

"చుక్కలా! వాటికి టెలిస్కోపులూ గట్రా కావాలమ్మా. మనవల్ల అయ్యే పనేనా?"

"మనవల్ల కాకపోతే ఇంకెవరివల్ల అవుతుంది?"

ఆయన నవ్వేశాడు. "సరే, ఈ వారం వాడుకో. షాపు ముందు అద్దంలో పెట్టదగ్గ ఫోటో ఒక్కటి తే, కెమెరా నీదే. తేలేదనుకో, మళ్ళీ అడగొద్దు."

టెలిస్కోపు లేదు. షాపులోని కెమెరా స్టాండును గడప దాటనివ్వరు. అయితేనేం? తలగడ గలీబులో ఇసుక నింపి, మూతి కట్టి, ఇంటి మేడమీద బోర్లించిన బకెట్టుపై పెట్టింది. దానిమీద కెమెరాను ఆకాశంవైపు ఆనించింది. వేలు తగిలితే కదులుతుందని టైమర్ పెట్టింది. కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలైపోతున్నాయి, అందుకని కొద్ది క్షణాలే. పొద్దుగూకి చీకటి పడగానే అత్తగారు పైకొచ్చి, నడినెత్తిన ఉన్న చుక్కల గుంపును చూపించింది.

"అదిగో పిల్లలకోడి! మా అమ్మ చూపించేది నాకు. అది తియ్యవే."

తీసింది. కెమెరా వెనక తెరమీద పిల్లలతో సహా కోడి కనబడేసరికి ఆనందం పట్టలేకపోయింది. మర్నాడు షాపులో గిరాకీలతో మాట్లాడుతూనే దాన్ని కంప్యూటర్లో శుభ్రం చేసి, సాయంత్రానికి ప్రింటు తెచ్చింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కోడి సరే, పిల్లలేవే?"

మచ్చలక్క చూసి నాలుక కరుచుకుంది. చిన్న చుక్కలన్నిటినీ అలవాటు చొప్పున చెయ్యి తుడిచిపారేసింది! పైగా అసలు ఫోటోమీదే సేవ్ చేసింది.

"ఆకాశానికి పాస్‌పోర్టు ఫోటో తీశావా ఏంటే!" అని అత్తగారు పడీపడీ నవ్వింది. కోడలికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆపైన తన చేతిమీద తనకే ఒళ్ళు మండింది.

మబ్బులు పట్టాయి. అవి వీడేసరికి గడువులో ఒక్క సాయంత్రమే మిగిలింది. ఈసారి వరసగా చాలా ఫోటోలు తీసింది. పాత కెమెరా కదా, తన వంతుగా అదీ కొన్ని తెల్ల చుక్కలు కలుపుతుంది. ఫోటోలు పక్కపక్కన పెడితే, ఒకదాన్నుంచి ఇంకోదానికి కాస్త కాస్త జరిగేవి నిజం చుక్కలు. కదలకుండా అక్కడే కూర్చున్నవి కెమెరా పెట్టిన మచ్చలు. వాటినే ఏరి తీసేసింది. అనుమానం వచ్చినచోట చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలన్నిటినీ చుక్కమీద చుక్క పడేలా పేర్చింది. పిల్లలన్నీ తల్లి చుట్టూ చేరాయి.

బాబాయ్ ప్రింటును లైటు కిందికి తీసుకెళ్ళి ఒక్కో చుక్కనీ చూశాడు. తర్వాత షాపు నుంచి వెళ్ళే ప్రతి ఫోటోకీ చేసినట్టే దాన్ని వెనక్కి తిప్పి, స్టూడియో ముద్ర అందుకున్నాడు.

"ఆగండి బాబాయ్! ముద్ర వద్దు. ఇది నేను తీసింది."

ఆయన చెయ్యి ఆగిపోయింది. ముద్ర పక్కన పెట్టి, జేబులోంచి పెన్ను తీసి ఆమెకిచ్చాడు.

"వెనక కాదమ్మా, ముందువైపు తెల్ల అంచుమీద రాయి. అద్దంలోంచి కనబడాలి కదా."

కెమెరా సంచి భుజానికి తగిలించుకుని, మచ్చలక్క తన పూర్తి పేరు రాసింది.