దౌత్యాధికారి మా ఇంట భోంచేసిన రోజు

ఎనభైల మొదట్లో చిత్తూరు కాలేజీలో నాతోపాటు ఒక ఉర్దూ లెక్చరర్ చేరింది. ఊళ్ళో ఆమెకు ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. మా మేడ మీద వాటా ఖాళీగానే ఉంది. నాయనను అడిగాను. బెల్లం మండీ నడిపే ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"వాళ్ళు సాయిబులు గదమ్మా. వీధిలో ఏమనుకుంటారో ఏమో."

అంతలోనే పెద్ద కబురు! ఢిల్లీలోని ఒక అరబ్బు దేశపు రాయబార కార్యాలయం నుంచి అధికారి ఒకరు మా కాలేజీలో మాట్లాడటానికి వస్తున్నారు. మధ్యాహ్న భోజనం మా ఇంట్లో పెట్టగలరా అని ప్రిన్సిపాల్ అడిగేసరికి నాయన పొంగిపోయాడు. ఇంటికి సున్నం కొట్టించాడు, వీధి వీధికీ చెప్పుకున్నాడు.

"ఆయనా ముస్లిమే నాయనా" అన్నాను.

"ఇంటికొచ్చే అతిథి గదమ్మా" అన్నాడు నాయన.

కాలేజీ హాలు కిక్కిరిసిపోయింది. ఒక కుర్రాడు లేచి, "ముస్లింలంటే లోకమంతా భయపడుతుంది, మీ ప్రభుత్వం ఏం చేస్తోంది?" అని అడిగేశాడు. అధికారి నవ్వాడు. "పత్రికలకు ఖండనలు పంపుతాం, సభల్లో వాదిస్తాం. అవీ కావాలి. కానీ నువ్వు నా ముఖం చూసి అడిగావు. ఇలా ఎదురెదురుగా మాట్లాడుకోవడానికే ఇంత దూరం వచ్చాను" అన్నాడు. చప్పట్లు ఆగలేదు.

హైదరాబాదులో చదువుకున్న ఆయనకు ఉర్దూ బాగా వచ్చు. మా ఇంట్లో నా స్నేహితురాలు, ఆ ఉర్దూ లెక్చరరే, ఆయన మాటలు తెలుగు చేసి చెప్పింది. అమ్మ వడ్డించిన వేరుశనగల ఊరిబిండి పచ్చడిని ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

"మా దేశంలో మా పక్కింట్లోకి మీ దేశపు రాయబార అధికారి దిగినప్పుడు మా అమ్మ భయపడి తలుపులు వేసుకుంది. ఆమెకు జబ్బు చేస్తే ఆయనే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అది చూసే నేనీ ఉద్యోగంలో చేరాను" అన్నాడాయన.

తర్వాత ఆయన నా స్నేహితురాలిని ఏదో అడిగాడు. ఆమె ఉర్దూలోనే జవాబు చెప్పి ఊరుకుంది.

"ఏమడిగినాడమ్మా?" అన్నాడు నాయన.

ఆమె తలదించుకుంది. "నేను యాడ ఉంటానని అడిగినారు. ఇల్లు దొరకలేదు, హాస్టల్లో ఉండానని చెప్పినాను."

నాయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే నాయనే హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు. "మేడ మీద ఇల్లు ఖాళీగా ఉండాది. నీకు ఇష్టమైతే వచ్చేయమ్మా. నేను ముందే పిలవాల్సింది."

ఎదురింటాయన అడగనే అడిగాడు: "ఏమప్పా, సాయిబులకు ఇచ్చినావంటనే?"

"ఇచ్చినాను. నువ్వూ వచ్చి ఒకసారి మాట్లాడి సూడు!"

ఆ ఆదివారం ఆమె పుస్తకాల పెట్టెలు ఆమే నేనూ కలిసి మెట్ల మీదుగా మోసుకెళ్ళాం. ఆయాసంతో, సంతోషంతో నవ్వుతూనే ఉన్నాం. ఆమె ఆరేళ్ళు మా ఇంట్లో ఉంది. మొదటి రంజాన్‌కు ఆమె చేసిన సేమ్యా పాయసం గిన్నెను ఎదురింటికి నాయనే పట్టుకెళ్ళాడు.