పిన్ని చేతికి ఊలు చిక్కితే

ఎవరు ఏం అల్లినా విప్పే దాకా మా పిన్నికి నిద్ర పట్టదు. ఆవిడ అల్లగా చూసినవాళ్ళు తక్కువ, ఊడదీయగా చూడనివాళ్ళు లేరు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం అంటారే, మా పిన్ని ఆ ఈకల్ని కూడా విప్పి ఉండ చుట్టి పెట్టే రకం.

ఓసారి బస్సులో ముందు సీటు పెద్దమనిషి స్వెట్టరు మెడ దగ్గర పోగొకటి లేచి ఉంది. "నాయనా, కదలకు" అంది పిన్ని. ఆయన దిగే వేళకి ఒంటిమీద సగం స్వెట్టరే మిగిలింది. "ఈసారి శ్రద్ధగా అల్లించుకో బాబూ" అని ఊలు ఉండ చేతిలో పెట్టి మరీ పంపింది. పాపం, ఆయన దండం పెట్టి దిగిపోయాడు.

శనివారాలు పిన్ని ఇంట్లో నలుగురం చేరేవాళ్ళం. పిన్ని, నేను, మందుల షాపావిడ, టైపిస్టు అక్కయ్య. అక్కయ్యకు తొలి మనవడో మనవరాలో పుట్టబోతున్నారు. తలా ఒక ముక్క అల్లి, కలిపి కుట్టి, బిడ్డకు దుప్పటి చేయాలని మా ఒప్పందం. ఆ మధ్య జబ్బు చేసి అక్కయ్య కుడిచేతి పట్టు తప్పింది. వేళ్ళు ఆడిస్తూ ఉంటేనే బాగవుతాయని డాక్టరు చెప్పాడు. ఆవిడేమో, "నావల్ల మీకు ఆలస్యం, నేను మానేస్తానే" అంటూ ఉండేది.

ఓ శనివారం నా ముక్క ముప్పాతిక వంతు అయింది. పిన్ని కళ్ళజోడు సవరించుకుంది. నేను ముక్కను వెనక్కి లాక్కోబోయాను.

"ఈ వరస ఇలా ఏడ్చిందేమిటే?"

"బాగానే ఉంది పిన్నీ!"

"బాగుందా? ఇది కప్పితే పసిగుడ్డుకి మెడ పట్టేస్తుంది!" అంటూనే సర్రున లాగేసింది. మందుల షాపావిడ తన ముక్కను గబగబా సంచిలో దాచుకుంది. పిన్ని సంచిలో చెయ్యి పెట్టి దాన్నీ ఊడదీసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తాడోపేడో తేల్చుకుందామని మరుసటి శనివారం అందరికంటే ముందే వెళ్ళి, వంటింట్లో పిన్నిని నిలదీశాను.

"అందులో తప్పెక్కడుందో చూపించు."

"లేదే."

"లేదా!"

"మెల్లగా అరవవే. మీరిద్దరూ పూర్తిచేసి చేతులు కట్టుక్కూర్చుంటే మీ అక్కయ్య నామోషీపడి ఇంటికి పోతుంది. అల్లడం మానేస్తే చెయ్యి బిగుసుకుపోదూ?"

పిన్నిని కావలించుకోవాలనిపించింది, కావలించుకున్నాను కూడా.

"మరి బస్సులో పెద్దమనిషి సంగతి?"

"అది నిజంగానే ఘోరంగా ఉందే!"

ఆ తర్వాత కూడా పిన్ని లాగుతూనే ఉంది, నేను లబోదిబోమంటూనే ఉన్నాను. అరవకపోతే అక్కయ్యకు అనుమానం రాదూ? మందుల షాపావిడకు మాత్రం సంగతి చెప్పలేదు. ఆవిడ తిట్లు సహజంగా ఉండాలి కదా.

చివరికి అందరికంటే ముందు అక్కయ్యే పూర్తిచేసింది. ముక్కను బల్లమీద పరిచి, కాస్త వంకరపోయిన అంచును అరచేత్తో నిమిరింది. తర్వాత పిన్ని పక్కకు వచ్చి, ఆవిడ ఒళ్ళో ఉన్న ముక్కను అందుకుని కళ్ళు చిట్లించింది.

"పిన్నిగారూ, ఇక్కడో కుట్టు జారింది."

"నాదాంట్లోనా?"

"విప్పాల్సిందే" అంటూ అక్కయ్య కుడిచేతి వేళ్ళతోనే పోగు గట్టిగా పట్టుకుని సర్రున లాగింది.

పిన్ని మొహం చాటంత అయింది.

"లాగవే తల్లీ, మొదలంటా లాగెయ్!"