దసరా మర్నాడు మొరాయించిన మౌసు

ఒక ఆడపిల్ల నర్సింగ్ సీటును నా చేతులారా, అదీ పరమ భక్తితో, ముంచబోయిన కథ ఇది. మీరు నవ్వుకోండి, నేను అడ్డు చెప్పను. ఆ రోజు మాత్రం కంభంలో మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నేను పాల సంఘంలో లెక్కలు రాసి రిటైరైనదాన్ని. పైసా తేడా వస్తే ముద్ద దిగేది కాదు. ఆ పట్టింపు ఎక్కడ తన్నిందో మీరే చూస్తారు. మార్కాపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా కోడలు సునీత తన పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి నాకిచ్చింది. వేలితో రుద్దే పలక ఎప్పుడో పాడైంది కాబట్టి దానికి మౌసే కాళ్లూ చేతులూ.

విజయదశమి మర్నాడు మధ్యాహ్నం, గొర్రెలు మేపుకునే నాగమ్మ తన కూతురు రమణను వెంటబెట్టుకొని వచ్చింది. నర్సింగ్ సీటు కోసం కాలేజీల పేర్లు వరుసగా పెట్టి పంపడానికి సాయంత్రం ఐదు వరకే గడువు. నెట్ సెంటర్లు పండగకు మూసేశారు. ఫోనులో ఆ పేజీ సగమే కనబడుతోంది.

"నువ్వుండగా నాకు బయమేందక్కా?" అంది నాగమ్మ.

"నా చేతి పని ఎప్పుడన్నా తప్పిందా?" అన్నాను. దేవుడు వింటున్నాడని అప్పుడు తోచలేదు.

మౌసు తగిలించాను. తెర మీద బాణం మడుగులో పడుకున్న గేదెలా కదలకుండా ఉంది. ఊడదీసి పెట్టాను, తుడిచి పెట్టాను. ఎలుక తోలును ఏడాది ఉతికినా నలుపే అంటారు. ఈ ఎలుకా అంతే, ఎంత తుడిచినా మార్పు లేదు. సునీతకు ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"అత్తా, మౌసు కింద ఎర్ర లైటు వెలగతా ఉందా?"

"లేదే."

"కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కు. నల్ల తెర వస్తాది. అందులో ఎల్ ఎస్ యు ఎస్ బి అని కొట్టు."

కొట్టాను. ల్యాప్‌టాప్ గుర్తుపట్టిన వస్తువుల పేర్లన్నీ వచ్చాయి. మౌసు పేరు లేదు. రీస్టార్ట్ చేశాను. అప్పుడూ లేదు.

"ఎద్దు లేవకపోతే తోక మెలేస్తాం గదక్కా," అంది నాగమ్మ. "దీనికీ తోక ఉందిగా, మెలెయ్యి!"

పక్కింటివాళ్ల మౌసు తెచ్చి పెట్టాం. అదీ చచ్చినట్టే ఉంది. నాలుగున్నర అయింది. రమణ చున్నీ కొస నములుతూ గడియారం వైపే చూస్తోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నయం. మేం ఎలుకను చేతిలో పెట్టుకొని కొండంతా తవ్వుతున్నాం.

"అత్తా, మౌసు తగిలించే ఆ కన్నంలోకి టార్చి వేసి చూడు. ఏమన్నా అడ్డముందా?"

చూశాను. "ఎర్రగా ఉంది."

"ఎర్రగానా? లైటా?"

"లైటు కాదు." టార్చి ఇంకాస్త దగ్గర పెట్టాను. "కుంకుమ."

ముందటి రోజు ఆయుధ పూజలో కత్తిపీటకు, కుట్టుమిషనుకు బొట్లు పెట్టాక, ల్యాప్‌టాప్‌కు గడప ఏదని వెతికి, మౌసు దూరే గుమ్మం అదే కదా అని తడి పసుపు మెత్తి కుంకుమ అద్దాను. రాత్రికి అది గచ్చులా బిగిసింది; మౌసు దూరినా లోపలి రేకులకు తగలడం లేదు.

"పోనీలే, రెండో పక్క ఇంకో రెండు కన్నాలున్నాయి. వాటిల్లో పెట్టు."

"వాటికీ పెట్టినా."

"మూడిటికీనా!"

"ఒకదానికి పెట్టి రెండు వదిలేస్తే ఎట్లమ్మా? లెక్క తప్పదూ?"

నాగమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపులో గుచ్చుకుంటూనే ఉంది.

సునీత చెప్పినట్టు ల్యాప్‌టాప్ ఆపి, బ్యాటరీ తీసి, బోర్లించి, కొత్త బ్రష్షుతో పొడిగా గీకాం. నేను గీకే తీరు చూడలేక నాగమ్మ బ్రష్షు లాక్కుంది. గొర్రె చెవిలో గోమార్లు ఏరినట్టు ఓపిగ్గా పసుపు పెళ్లలన్నీ రాల్చింది. మళ్లీ ఆన్ చేసి మౌసు తగిలించాం. దాని కింద ఎర్రగా వెలిగింది. ఈసారి లైటే! రమణ గబగబా కాలేజీలు పేర్చి ఆఖరి బటన్ నొక్కింది. 'మీ ఎంపికలు అందాయి' అని వచ్చేసరికి ఐదుకు మూడు నిమిషాలుంది. తర్వాత ఆ పిల్లకు మార్కాపురంలోనే సీటు వచ్చింది.

ఆ సాయంత్రం నాగమ్మ కళ్లు తుడుచుకొని మౌసుకు దండం పెట్టింది. "బతికించినావు తల్లీ! ఉండు, నీకు బొట్టు పెడతా!" అంటూ, పక్కనే ఉన్న కుంకుమ భరిణె అందుకుంది.

"వద్దు!" అని నేను, రమణ, ఫోనులోంచి సునీత ఒక్క గొంతుతో అరిచాం.

నా కత్తిపీట మీద ఒట్టు! కన్నమున్న ఏ యంత్రానికీ ఈ జన్మలో బొట్టు పెట్టను. ల్యాప్‌టాప్‌కు మూత మీద ఒక్కటే బొట్టు, అదీ పొడి కుంకుమతో. లెక్క తప్పినా సరే.